కాలనీ జిమ్ మిషన్ల మీద బొంతలు ఆరేస్తున్నాం. మళ్ళీ డబ్బులొస్తున్నాయి, ఈసారి జనాన్ని ఎలా అడగాలి?

కుట్టుమిషన్_సింగ్‌నగర్

అందరికీ నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్ వైపు. పాత హౌసింగ్ బ్లాకులు, కింద ఒకటి, పైన మూడంతస్తులు. నేను జాకెట్లు కుడతాను, చీరలకి ఫాల్స్ వేస్తాను. డ్వాక్రా గ్రూపు లీడర్ని, మా మహిళా ఆరోగ్య సమితిలో కూడా ఉన్నాను. అందుకే ఈ పని నా నెత్తిన పడింది.

వరదకి ఏడాది ముందు మా కాలనీ గేటు పక్కన ఆరు జిమ్ మిషన్లు పెట్టారు. ఎవరు పెట్టారన్నది వదిలేయండి. ఒకరోజు లారీ వచ్చింది, సిమెంట్ పోశారు, బిగించారు. వారం తర్వాత రిబ్బన్ కట్టారు. మమ్మల్ని అడిగిందల్లా ఒక్కటే, రిబ్బన్ అటూ ఇటూ పట్టుకోవడానికి ఇద్దరు ఆడవాళ్ళు కావాలని. అందులో ఒకదాన్ని నేనే, ఫొటోలో కూడా ఉన్నాను.

ఆ మిషన్లు పొద్దున్న ఖాళీగానే ఉంటాయి. కానీ పొద్దున్న మాకు కుళాయి, టిఫిన్, పిల్లల క్యారేజీలు. మధ్యాహ్నం ఆ ఇనుము ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది, బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పాలా. సాయంత్రం ఆరు దాటితే మగపిల్లలు ఎక్కి కూర్చుంటారు. ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో ఏముంటుందో రాయను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మిషన్లు నిలువునా మునిగాయి. ఇప్పుడు భుజాలు తిప్పే చక్రం ఒక్కటే తిరుగుతుంది, అదీ కీచుమంటూ. మిగతావాటి మీద బొంతలు ఆరేస్తాం. నిజం చెప్పాలంటే బొంతలకి మాత్రం అవి చాలా బాగా పనికొస్తున్నాయి.

ఇప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా ఏదో కంపెనీ నాలుగు లక్షలు ఇస్తుందట, మా కాలనీలో జనం కాస్త ఒళ్ళు కదిల్చేలా ఏమైనా చెయ్యడానికి. ఇద్దరు అమ్మాయిలు కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. పద్నాలుగు ప్రశ్నలు. “వారానికి ఎన్ని రోజులు వ్యాయామం చేస్తారు?” అంటే మా పక్కింటి వదిన “రోజూ” అంది. వాళ్ళు వెళ్ళాక, అదేంటి వదినా అన్నాను. “చదువుకున్న పిల్లలు, ఎండలో పడి వచ్చారు, లేదంటే చిన్నబుచ్చుకోరూ?” అంది. చివరి ప్రశ్న, మీకు ఏం కావాలి: జిమ్మా, పార్కా, యోగా క్లాసా? అందరూ జిమ్ అన్నారు, మొదట ఉన్నది అదే కాబట్టి. అంటే ఇంకో ఆరు మిషన్లు వస్తాయి. మాకు ఆరేసేన్ని బొంతలు లేవు.

ఆ అమ్మాయిల్ని మూడు వారాలు ఆగమన్నాను, నేనే మీటింగ్ పెడతానని. మంచి పిల్లలు, ఒప్పుకున్నారు. ఇప్పుడు నాకు టెన్షన్. లోన్ల మీటింగ్ నడపడం వచ్చు. కానీ ఏ మీటింగులోనైనా మాట్లాడేది ఆ నలుగురే, అందులో నేనూ ఒకదాన్ని. మిగతావాళ్ళు సంతకం పెట్టి వెళ్ళిపోతారు.

నా సంగతి కూడా చెప్తాను. రెండేళ్ళ కిందట షుగర్ వచ్చింది. డాక్టరుగారు నడవమన్నారు. ఇదివరకు తొక్కుడు మిషను, కనీసం కాళ్ళాడేవి. మోటారు పెట్టించాక కుడికాలి వేళ్ళు తప్ప ఏదీ కదలదు. నడుద్దామని తెల్లవారుజామున ఐదింటికి దిగితే కుక్కలు. రాత్రి తొమ్మిదింటికి దిగితే రెండు స్తంభాలకి లైట్లు లేవు, గేటు దగ్గర ఆ పిల్లలు. మొత్తం తొమ్మిది రోజులు నడిచాను. ఇది బద్ధకమా? నాకైతే తెలియదు.

బస్తీల్లో జనాన్ని కూర్చోబెట్టి నిజం రాబట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఎవర్ని పిలవాలి, ఏ టైమ్‌లో, ఏమని అడగాలి? జిమ్ సామాన్ల కంపెనీల నంబర్లు మాత్రం వద్దు.

బెజవాడ_బుల్లెట్

అక్కా, తప్పుగా అనుకోవద్దు. మీ కాలనీలో ఆడవాళ్ళు నాలుగిళ్ళలో అంట్లు తోమి, బట్టలుతికి, మూడంతస్తులెక్కి ఇంటికొస్తారు. వాళ్ళకి మళ్ళీ వ్యాయామం ఏంటి? ఇది ఏసీలో కూర్చునేవాళ్ళ రోగం. ఆ నాలుగు లక్షలు డ్రైనేజీకి పెట్టమనండి.

కుట్టుమిషన్_సింగ్‌నగర్

తమ్ముడూ, డ్రైనేజీ మాట నిజమే. కానీ ఆ డబ్బు దీనికని పేరు రాసుకుని వచ్చింది, దాన్ని డ్రైనేజీలో పొయ్యనివ్వరు.

రెండో మాట మాత్రం సగమే నిజం. మా తోడికోడలు నువ్వన్నట్టే నాలుగిళ్ళలో చేస్తుంది. సాయంత్రానికి మోకాళ్ళు వాచి ఉంటాయి. నేను పది గంటలు మిషను ముందు. మా ఆయన పన్నెండు గంటలు ఆటోలో, ఆయన పొట్ట స్టీరింగుకి తగులుతోంది. ఒకే గుమ్మంలో ముగ్గురం, ముగ్గురివీ మూడు బాధలు. అందరికీ ఒకే మందు ఎలా అడగను?

రిటైర్డ్_పీఈటీ

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు సర్కారు బళ్ళలో డ్రిల్ మాస్టర్ని. మీ కాగితం సంగతి చదివి నవ్వొచ్చింది, నేనూ అదే తప్పు చేశాను.

ఓసారి ఎనిమిదో తరగతి ఆడపిల్లల్ని వరసలో నిలబెట్టి, ఏ ఆట కావాలర్రా అని అడిగాను. అందరూ త్రోబాల్ అన్నారు. సంతోషించాను. తర్వాత చూసుకుంటే నా చంకలో ఉన్నది త్రోబాల్. చేతిలో తాడు ఉంటే తాడాట అనేవాళ్ళు.

ఇంకోరోజు ఒక బంతి, ఒక తాడు, నాలుగు సుద్దముక్కలు గ్రౌండులో వదిలేసి స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి చూశాను. బంతి రెండు నిమిషాల్లో మగపిల్లల చేతికి పోయింది. తాడుతో కాసేపు ఆడారు. తర్వాత సుద్దముక్కలు తీసుకుని గోడవారగా తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసుకుని గంటసేపు గెంతారు. గోడవారగా ఎందుకు? మధ్యలో క్రికెట్. ఆ గ్రౌండు మాది కూడా అని ఆ పిల్లలకి ఎవరూ చెప్పలేదు, నాతో సహా. మర్నాడు మధ్యలో నేనే గళ్ళు గీసి క్రికెట్‌ని గోడవారకి పంపాను. హెడ్మాస్టరుగారి దాకా ఫిర్యాదు వెళ్ళిందనుకోండి, అది వేరే కథ.

కాబట్టి మీటింగుకి ముందు నాలుగు రోజులు ఊరికే చూడండి. మీ మిషను కిటికీ దగ్గరే ఉంటుందనుకుంటాను. ఎవరు ఎప్పుడు దిగుతున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, ఏ మూలకి అసలు పోవటం లేదు, ఒక కాగితం మీద రాసుకోండి. దగ్గర్లో బడి ఉంటే సాయంత్రం గేటుకి తాళం వేస్తున్నారా అన్నది కూడా చూడండి. కాలనీలో లేని గ్రౌండు బళ్ళో ఖాళీగా పడి ఉంటుంది.

ప్రజారోగ్యం_వైజాగ్

పీఈటీ మాస్టారి మాట మీద వియన్నా గుర్తొచ్చింది. ఆస్ట్రియా రాజధాని. అక్కడ 1990ల్లో చూస్తే, తొమ్మిదేళ్ళు దాటాక ఆడపిల్లలు పార్కుల్లో కనబడటం తగ్గిపోతోంది, మగపిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారు. ఒకే పెద్ద ఖాళీ స్థలం ఉంటే అది గట్టిగా నిలబడ్డవాళ్ళ సొంతం అయిపోతోంది. 1999లో రెండు పార్కుల్ని మార్చి చూశారు. లోపల నడక దారులు పెంచారు, వాలీబాల్, బాడ్మింటన్ కోర్టులు పెట్టారు, పెద్ద స్థలాన్ని మొక్కలతో చిన్న చిన్న చోట్లుగా విడగొట్టారు. ఆడపిల్లలు మళ్ళీ వచ్చారు. ఎవర్నీ తరిమేయలేదు కూడా. మాస్టారు సుద్దముక్కతో చేసిందే వాళ్ళు మునిసిపాలిటీ డబ్బుతో చేశారు.

బుల్లెట్ గారికి ఒక మాట. ఇది ఏసీవాళ్ళ రోగం అనుకునే రోజులు పోయాయి. 2022 లెక్క ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మందికి చాలినంత కదలిక లేదు. ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 42 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, కాస్త ఊపిరి వేగం పెరిగేలా. ఒక్క దెబ్బలో చెయ్యక్కర్లేదు, పది నిమిషాల చొప్పున చేసినా లెక్కలోకే వస్తుంది. అలాగని తోడికోడలిగారికి ఈ అంకె చెప్పి నడవమంటే నన్ను చీపురుతో కొడతారు, కొట్టాలి కూడా.

ఇక మీ ప్రశ్న. షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే ఆవిడ 1969లో జనం పాలుపంచుకోవడాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. మీ ఇంటికొచ్చిన కాగితం నాలుగో మెట్టు: అడుగుతారు, నిర్ణయం మాత్రం వేరేచోట. రిబ్బన్ పట్టుకోమనడం ఇంకా కింద. మీరు పైమెట్లకి ఎక్కాలంటే డబ్బు దేనికి పెట్టాలో తేల్చే మాట కాలనీ చేతిలో ఉండాలి. ఆ సంస్థవాళ్ళని ముందే సూటిగా అడగండి: మేం జిమ్ వద్దంటే మీరు మానేస్తారా? వాళ్ళు నీళ్ళు నమిలితే మీటింగే పెట్టొద్దు, జనం టైమ్ దండగ.

కాగితాలు మానేసి ముగ్గుపిండి తెచ్చుకోండి. నేను సరదాకి అనటం లేదు. పీఆర్‌ఏ అని ఒక పద్ధతి ఉంది, మన దేశంలో పల్లెల్లో 1990ల్లో బాగా నడిచింది. ఊరి పటాన్ని నేలమీద ముగ్గుతో, రాళ్ళతో, ఆకులతో ఊరివాళ్ళే వేస్తారు. చదువు రానివాళ్ళు కూడా ముందుకొస్తారు. అందులోనూ ముగ్గు అనేసరికి మీ మీటింగులో నోరెత్తనివాళ్ళే ముందు వంగుతారు చూడండి. భయమేసే చోట ఒక వస్తువు, హాయిగా ఉండే చోట ఒక వస్తువు పెట్టమనండి. “రోజూ ఏం చేస్తారు” అని అడగొద్దు, “నిన్న ఏం చేశారు, ఏ వేళకి ఎక్కడున్నారు” అని అడగండి. రోజూ అంటే అబద్ధం వస్తుంది, నిన్న అంటే రాదు.

అందర్నీ ఒకేసారి పిలవొద్దు. పని ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు వేరు, ఇంట్లో కూర్చుని చేసేవాళ్ళు వేరు, ఆడపిల్లలు వేరు. కాలనీ మొత్తం కాకుండా మీ ఆరోగ్య సమితి పరిధిలో ఉండే యాభై, వంద ఇళ్ళతో మొదలుపెట్టండి. సమితికి ఏటా వచ్చే 5,000 మాత్రం దీనికి కదపొద్దు, టీ ఖర్చు ఆ కంపెనీనే పెట్టుకోమనండి. కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్ళుంటే ఆ కూలి కూడా.

బోరబండ_అక్క

మాది హైదరాబాద్, బస్తీనే. నేనొకటి అడుగుతా. మా దగ్గర బతుకమ్మకి తొమ్మిది రోజులు ఆడవాళ్ళందరం రాత్రి దాకా గుండ్రంగా తిరుగుతాం, వంగుతాం, చప్పట్లు కొడతాం. షుగర్ ఉన్నోళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు, అందరూ. దాన్ని ఎవరూ వ్యాయామం అనరు. పదో రోజు నుంచి మళ్ళీ గడప దాటం. ఆ తొమ్మిది రోజుల్లో ఉన్నది ఏంది, పదో రోజు పోయేది ఏంది? నాకైతే లైట్లు. ఇంకోటి, బండ్లు తీసి జాగా ఖాళీ చేస్తారు. ఇంకోటి, ఇంట్లో ఎవరూ ఎక్కడికని అడగరు. మీ దగ్గర కోలాటం ఉంటది కదా, అట్లనే ఆలోచించి చూడు చెల్లె.

కుట్టుమిషన్_సింగ్‌నగర్ (పద్దెనిమిది రోజుల తర్వాత)

అందరికీ థాంక్స్. ఆలస్యానికి ఏమీ అనుకోకండి, పెళ్ళిళ్ళ సీజను.

బోరబండ అక్కా, నీ ప్రశ్న మూడు మీటింగుల్లోనూ అడిగాను. మా దగ్గర రామాలయం కోలాటం బ్యాచ్ ఉంది, ఒకే రంగు చీరలు కట్టుకుని వెళ్తారు. కానీ మా బ్లాకుల్లో చర్చికి వెళ్ళేవాళ్ళు సగం, ముస్లింలు కొంతమంది. కోలాటం పేరెత్తగానే వాళ్ళు ముఖాలు చూసుకున్నారు. వద్దనలేదు, అదే ఇబ్బంది. దాన్ని పక్కన పెట్టాం. కానీ “ఎక్కడికని అడగని చోటు” అన్న మాట మాత్రం అందరికీ పట్టేసింది.

ముగ్గు సంగతి. మధ్యాహ్నం రెండింటికి మా బ్లాకు మెట్ల కింద వేశాం. భయమేసే చోట ఎండుమిరపకాయ, బావుండే చోట కరివేపాకు రెబ్బ. మిరపకాయలు చకచకా పడ్డాయి: గేటు, మిషన్లు, లైట్లు లేని రెండు స్తంభాలు, చెత్త కుప్ప. కరివేపాకు చేతుల్లోనే ఉండిపోయింది. ఎక్కడ పెట్టాలో తెలియక ఒకావిడ వాసన చూస్తూ కూర్చుంది.

అప్పుడు మా రెండో అంతస్తు బీబీ, ఏ మీటింగులోనూ నోరు విప్పని మనిషి, లేచి వెళ్ళి మా బ్లాకు గడి మధ్యలో పెట్టింది. అది ఇల్లు కదా బీబీ, బయట చోటు చెప్పు అన్నాను. “ఇల్లు కాదు. డాబా” అంది.

ఎవ్వరం మాట్లాడలేదు. వరదప్పుడు కింద ఇళ్ళు మునిగితే అందరం ఉన్నది ఆ డాబా మీదే. డ్రోన్లతో అన్నం పొట్లాలు దించింది అక్కడే. రాత్రుళ్ళు నిద్ర పట్టక ఆడవాళ్ళం చుట్టూ తిరిగేవాళ్ళం, పిల్లలు పరిగెత్తేవాళ్ళు. చుట్టూ నీళ్ళు, తల మీద చుక్కలు. ఆ కష్టంలో కూడా ఆ నడక బావుండేది, ఇప్పుడు అనటానికి సిగ్గుగా ఉంది. నీళ్ళు తీశాక డాబా తలుపుకి మళ్ళీ తాళం పడింది. మగపిల్లలు ఎక్కుతారని, ట్యాంకు మూతలు పోతాయని. తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతకడానికే రెండు రోజులు పట్టింది.

డాబా మీద కుక్కలుండవు. గేటు పిల్లలుండరు. కింద కుక్కర్ కూత వినబడుతుంది. బురఖా వేసుకోకుండా నడవొచ్చంది బీబీ. కానీ పిట్టగోడ నా మోకాలి పైదాకానే ఉంది, పిల్లలతో భయం. లైటు లేదు. కాబట్టి మా బ్లాకు అడిగింది ఇది: పిట్టగోడ ఎత్తు పెంచండి, రెండు లైట్లు పెట్టండి, తాళంచెవులు నాలుగు చేయించి ఆడవాళ్ళకివ్వండి.

అందరూ ఒప్పుకున్నారని చెప్పను. రాత్రి ఎనిమిదిన్నరకి పని ఇళ్ళవాళ్ళ మీటింగులో మా తోడికోడలు ముగ్గు వైపు చూడను కూడా చూడలేదు. “నాలుగిళ్ళ మెట్లెక్కి వచ్చాను, ఇంకో మెట్టెక్కమంటే ఎక్కను. వేపచెట్టు కింద నడుం వాల్చడానికి రెండు బల్లలు వేయించు. కాళ్ళ వ్యాయామం చెప్పే ఆవిడ వస్తే ఆ బల్ల మీదే చేస్తాను” అంది. మిగతా పదకొండు మందీ అదే అన్నారు. అది కూడా రాసుకున్నాను. ఆడపిల్లలు షటిల్ అన్నారు, రెండు బ్లాకుల మధ్య సందులో. అక్కడ బైకులు పెడతారు. ఐదు నుంచి ఏడు దాకా బైకులు తీయాలట. దానికి రూపాయి ఖర్చు లేదు, గొడవ మాత్రం చాలా ఉంది, మొదలైంది కూడా. మా ఆయన ఆటో కూడా అక్కడే పెడతాడు.

సంస్థ అమ్మాయిలకి చెప్తే కళ్ళు పెద్దవి చేశారు. వైజాగ్ సార్ చెప్పినట్టు ముందే మాట తీసుకున్నాను కాబట్టి జిమ్ ఆగింది. కానీ పిట్టగోడ “వ్యాయామం” కిందకి రాదంటున్నారు పైవాళ్ళు, ఫొటోలో ఏం కనబడుతుందని. అమ్మాయిలు మాత్రం అది నడక దారి అని రాస్తామన్నారు. తప్పేం లేదుగా, నడకదారే.

ఇప్పుడు నా ప్రశ్న మారింది. పిట్టగోడ ఎంత ఎత్తు ఉండాలి? ఎంతవుతుంది?

మేస్త్రీ_గుంటూరు

అమ్మా, పాత శ్లాబు, అందులోనూ వరద చూసిన బిల్డింగు. పైన ఇటుక పెంచొద్దు, బరువు. ఉన్న గోడ మీద జీఐ పైపు రెయిలింగ్ బిగించండి, మొత్తం ఎత్తు మీ నడుం దాటాలి, మూడున్నర అడుగులకి తగ్గొద్దు. పైపులు నిలువుగా వేయించండి, అడ్డంగా వేస్తే పిల్లలు నిచ్చెనలా ఎక్కుతారు. సందులు పిల్లల తల పట్టనంత దగ్గరగా ఉండాలి. కానీ ముందు ఒక ఇంజనీరు శ్లాబు చూసి సరే అనాలి, ఆయన చూడకుండా ఒక్క బోల్టు కూడా వద్దు. డాబా కొలతలు పంపితే పైపు ఎంత పడుతుందో లెక్క చెప్తా.

కుట్టుమిషన్_సింగ్‌నగర్

నా దగ్గరున్నది జాకెట్ల టేపే, అరవై అంగుళాలు. పొద్దున్నే బీబీ ఒక కొస పట్టుకుంది. పొడవు పదహారు టేపులు, వెడల్పు ఏడు. అంటే 80 అడుగులు, 35 అడుగులు. ట్యాంకుల దగ్గర కాస్త వంపు తిరగాలి. అంచు వెంట పద్నాలుగు రౌండ్లు వేస్తే దాదాపు ఒక కిలోమీటరు అని మా అమ్మాయి లెక్క కట్టింది. ఇంజనీరుని అమ్మాయిలు గురువారం తీసుకొస్తామన్నారు. ఆయన వచ్చాక మెట్ల తలుపు ఫొటో కూడా పెడతాను, అది తుప్పు పట్టి ఉంది, మార్చాలో పెయింట్ చాలో చూసి చెప్పండి.